కుడి బొటనవేలు

1944 ఫిబ్రవరి 6, ఆదివారం. ఎమ్మిగనూరు.

నా పేరు లింగమ్మ. నాకు అక్షరం రాదు. వాదన వచ్చు. అందుకే ఈ పుస్తకం.

నేను చెబుతుంటే రాస్తున్నది మిషను బడి టీచరమ్మ దానమ్మ. నా మాటను బడి భాషలోకి దిద్దుకుంటానంటే సరే అన్నాను. ఎదుటివాళ్ల మాట మాత్రం నోట్లోంచి ఎట్లా పడిందో అట్లాగే రాయాలి. ఒకసారి రాసింది కొట్టెయ్యకూడదు. తేదీ వెయ్యాలి. తేదీ లేని మాట గాలికి పోతుందని యుద్ధం వచ్చాక కంట్రోలు మీద నూలు కొలిచి ఇచ్చే గుమాస్తా దగ్గర నేర్చుకున్నాను. దానమ్మ మా అరుగు మీద కూర్చుంటే వీధిలో ఇద్దరు మూతి తిప్పారు. తిప్పుకోనీ.

కేసు ఇది. ఆరేళ్ల కిందట, పడుగుకు గంజి పట్టించే మగవాళ్లంతా ఆదోని మిల్లులకు పోయారు. మగ్గాలు ఆగిపోయాయి. ఆడది గంజి కుంచె పడితే మగ్గానికి అరిష్టమన్నారు. పట్టాను. పదకొండు మంది ఆడవాళ్లను కూడగట్టి ముఠా పెట్టాను. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు చాపి, రాగి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోగా నేతగాడికి అప్పగిస్తాం. కలుపుకూలికి ఊళ్లు పట్టుకుని తిరిగే అవస్థ ఆ పదకొండు ఇళ్లకు తప్పింది. ఎవరివల్ల? గంజి పదును చూసేది నేనే. కాగే గంజిలో కుడి బొటనవేలు ముంచి చూస్తే నాకు తెలిసిపోతుంది. ముఠాలో ఇంకెవరికీ ఆ వేలు లేదు.

గురువారం తెల్లవారుజామున, నేను చెయ్యి పట్టి కుంచె నేర్పిన ముత్తమ్మ అందరి ముందూ నా కుండ మీద చెయ్యి పెట్టింది. "అత్తా, నువ్వు కూసో. గంజి నేను సూస్తాలే" అంది. నా కుండ ముట్టేంతదానివైపోయావా అన్నాను. "కుండ నీదేలే. పడుగు నీది కాదు గదా" అంది. ఆమె కుంచె లాక్కుని మురిక్కాలవలోకి విసిరాను. తీసుకుంది, కొంగుతో తుడుచుకుంది, పోయింది. శనివారానికల్లా మా ముఠాలోంచి ముగ్గురిని లాక్కుని కింది వీధిలో వేరే కుండ పెట్టింది.

వీధి పెద్ద వీరభద్రయ్యకు చెప్పాను. కాగితం మీద తెమ్మన్నాడు. తెస్తాను. ముత్తమ్మ కుండ పగలాలి. అదీ నా కోరిక.

ఫిబ్రవరి 7

రెండు పడుగులు. గంజి ఎట్లా ఉందని అడిగాను. బాగుందన్నారు, ఏడుగురూ ఒకే గొంతుతో. ముఠా అంటే అట్లా ఉండాలి.

ఫిబ్రవరి 10, పగలు పదకొండు గంటలు

నేత కృష్ణప్ప వచ్చాడు. ఆరేళ్లుగా మా దగ్గరే పడుగు చేయించుకునే మనిషి. గుమ్మం దాటకుండానే మొదలుపెట్టాడు. "అవ్వా, జానెడు నేస్తే నాలుగు పోగులు తెగుతాండాయి. కంట్రోలు నూలు. ఇది పాడైతే వచ్చే నెల దంకా మగ్గం గుంతలో కప్పలు పెంచుకోవల్ల నేను."

నూలు మంచిది కాకపోతే కంట్రోలువాళ్లను అడుక్కోమన్నాను.

"కింది వీధి పడుగులకూ అదే నూలు. అవి తెగల్యా" అన్నాడు.

ముత్తమ్మ పంపిందా నిన్ను అన్నాను. నోటిమాట నాకు చెల్లదు, తెగిన పోగులుంటే తెచ్చి చూపించు అన్నాను.

"తెస్తా. పెట్టుకునేకి సోటుందా నీకాడ?" అని పోయాడు.

అతను పోయాక మా ముఠాలోని హుసేనమ్మ నోరు తెరిచింది, మళ్లీ మూసింది. ఏమిటే అన్నాను. "ఏం ల్యా అవ్వా, ఆవులింత" అంది.

ఫిబ్రవరి 12

పొద్దున తలుపు తీస్తే ముఖానికి ఏదో తగిలింది. పోగులు. తెగిన పోగులు గుత్తులు గుత్తులుగా కట్టి, మామిడాకుల్లాగా నా ద్వారబంధానికి వేలాడదీశారు. అయిదు గుత్తులు. అయిదు ఇళ్లు. వీధిలో ఎవతో, "లింగవ్వ ఇంటికి పెండ్లికళ వచ్చినాదే" అని నవ్వింది.

నేను ఏడవలేదు. వాటిని విప్పనూ లేదు. తెమ్మన్నది నేను. తెచ్చారు. ఉండనీ.

ఇది ముత్తమ్మ పనేనని రాయమన్నాను. నీకెట్లా తెలుసు అని దానమ్మ అడిగింది. రాయమన్నానా లేదా అన్నాను. రాసింది.

ఫిబ్రవరి 14

నిన్నా ఈరోజూ ఒక్క పడుగూ రాలేదు. మా ముఠాలోని అయ్యన్న పెళ్లాం వచ్చే వారం కోసిగివాళ్లతో కలిసి వలసకు పోతానంటోంది. చంటిబిడ్డను వేసుకుని.

ఫిబ్రవరి 16, బుధవారం

ఆదోని పోయి వచ్చాను. తాలూకా ఆఫీసు దగ్గర పిటిషన్ రాయించి, వేలిముద్ర వేసి తెస్తే ఆదివారం పంచాయితీ పెడతానని వీరభద్రయ్య చెప్పాడు కాబట్టి. దానమ్మ సెలవు పెట్టి తోడు వచ్చింది. బొగ్గుతో నడిచే బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. మగవాళ్లు దిగి తోశారు. రెండోసారి నేనూ దిగి తోశాను.

పిటిషన్లు రాసే దామోదరం వరండాలో కూర్చుని ఉన్నాడు. కాగితం చక్కగా రాశాడు. ఆడవాళ్లకు కుడి బొటనవేలు అన్నాడు. సిరా పూసి అద్దాడు. నల్లటి మచ్చ పడింది. వేలు తుడిచి మళ్లీ అద్దాడు. మళ్లీ మచ్చే. మూడోసారి నా వేలు పట్టుకుని ఎండకు ఎత్తి చూశాడు.

"ఏమవ్వా, గీతలన్నీ ఇంట్ల పెట్టొచ్చినావా? ఇది వేలా, గోలీకాయా?" అన్నాడు. వరండా అంతా నవ్వింది.

నేను మచ్చ ఉంటే చాలదా అన్నాను. "చాలదు. ఈ మచ్చ నీదని ఎట్ల చెప్పేది? ఎవురిదైనా ఇట్లే పడతాది" అన్నాడు. ఎడమ వేలు అద్ది చూశాడు. గీతలు పడ్డాయి, వరసగా, దువ్విన పడుగులాగా. "ఇది బాగుంది గానీ, రూలు ఒప్పుకోదు" అని కాగితం చేతికిచ్చి పంపేశాడు.

ఆరేళ్లు కాగే గంజిలో ముంచిన వేలు అరిగిపోక ఏం చేస్తుంది? అది నా కష్టానికి గుర్తు. దానమ్మతో బస్సులో ఆ మాటే అన్నాను. దానమ్మ సంచీలోంచి వేరుసెనక్కాయ తీసి నా బొటనవేలి కింద పెట్టి, కళ్లు మూసుకో లింగమ్మా, ఇదేమిటో చెప్పు అంది.

చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 17, పొద్దున ఏడు గంటలు

దానమ్మను బడికి పోకముందే పిలిపించాను. ఇది చల్లారకముందు రాయాలి.

చీకటితోనే లేచి ఆ అయిదు గుత్తులూ విప్పాను. ఒక్కొక్క పోగునూ కుడి వేలితో తడిమాను. నున్నగా ఉంది. ఎడమ వేలితో తడిమాను. తెగిన ప్రతి చోటా రాగిగింజంత గడ్డ. గంజి ఉండకట్టి పోగుకు అంటుకుంది. పోగులు దూరే మగ్గం అచ్చుపళ్లలో ఆ గడ్డ తట్టుకుంటే పోగు తెగక ఏం చేస్తుంది? పోగులకు మాట వచ్చు. వినాల్సిన వేలు చచ్చిపోయింది.

ఏడుగురినీ పొయ్యి దగ్గర నిలబెట్టాను. నా వేలు సంగతి ఎవరికి తెలుసు అన్నాను. నేల చూపులు. హుసేనమ్మ గడ్డం పట్టుకుని ఎత్తాను.

"అందరికీ తెలుసవ్వా. రెండేండ్లాయె" అంది.

రెండేళ్లా! మరి రెండేళ్లుగా ఒక్క పడుగూ ఎందుకు తెగలేదు అన్నాను.

"నువ్వు పడుగు కర్రలు సూసేకి వీధి ఆ కొనకు పోతావు గదా. నువ్వు తిరిగొచ్చే లోపల ముత్తమ్మ పాత చీరలో గంజి వడగట్టేది. ఉండలన్నీ మా మేకకేస్తుంటిమి. నీ కుండ మీద సెయ్యి పెట్టిన పొద్దు ఉండలు జాస్తి. వడగట్టేకి టైము సాల్లేదు. అందుకే ముత్తమ్మ నోరు తెర్సింది."

ఆమె పోయాక మీరెందుకు వడగట్టలేదు అన్నాను.

"యాడవ్వా! ముత్తమ్మ కుంచె యాడ పడిందో సూస్తిమి గదా."

ఆ మేక అంత బలిసింది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

కోపంతో ఒళ్లు మండింది. నా కుండ వెనక రెండేళ్లు దొంగాటలా! నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూ ఉండగా చూశాను, ఏడుగురూ రెండేసి అడుగులు వెనక్కు జరిగారు. అయ్యన్న పెళ్లాం బిడ్డ చెవులు మూసింది.

అప్పుడు ఆపాను. ఏడవ తేదీన "బాగుంది" అన్న గొంతు ఈ భయానిదేనని అర్థమైంది. వాళ్లకు గంజి నేర్పాను, కుంచె నేర్పాను, తెగిన పోగు అతకడం నేర్పాను. నా ముఖం మీదే కాదని చెప్పడం మాత్రం నేర్పలేదు. ఒక్కతె తనకు తానే నేర్చుకుంటే కాలవ పాలు చేశాను.

ఏడో తేదీది, పన్నెండో తేదీది కొట్టేయమంటావా అని దానమ్మ అడిగింది. ఒక్క అక్షరం కొట్టేసినా ఊరుకోను అన్నాను.

ఫిబ్రవరి 20, ఆదివారం సాయంత్రం

పంచాయితీ అయింది. పిటిషన్ ఏదని వీరభద్రయ్య అడిగాడు. చింపేశాను, దీన్ని చదివించండి అని ఈ పుస్తకం ఇచ్చాను. దానమ్మ మొదటి రోజునుంచీ చదివింది. జనం ఆవులింత దగ్గర నవ్వారు, మేక దగ్గర నవ్వారు. నేను నవ్వలేదు. కుండ పగలాలన్న చోట ముత్తమ్మ, "పగలగొట్టేకి వస్తే రెండు గుక్కలు గంజి తాగి పో అత్తా, ఉండలుండవు" అంది.

చదవడం అయ్యాక వీరభద్రయ్య, "అయితే తప్పు నీదేనంటావు. ముఠా పెద్దతనం దిగిపోతావా లింగమ్మా?" అన్నాడు.

దిగను అన్నాను. పడుగులు చెడగొట్టినది నేను, కాబట్టి బాగుచేయాల్సినదీ నేనే. ఆ అయిదు మగ్గాల దగ్గరా కూర్చుని తెగిన ప్రతి పోగూ అతుకుతాను, ఎడమ చేత్తో. పని తెచ్చేది, తెల్లవారుజామున మనుషుల్ని లేపేది, అరిష్టమన్న వాడి నోరు మూయించేది నేనే. గంజి పదును చూసేది మాత్రం ముత్తమ్మ.

"నేను రాను. రేపు మళ్లా కుంచె ఇసురుతావు" అంది ముత్తమ్మ.

విసిరితే నన్ను అడగకు, ఆ పూట ముఠానంతా తీసుకుని కింది వీధికి పో అన్నాను.

"తప్పయిందను."

తప్పయింది. రాసిపెట్టాను కూడా. మన్నించమని మాత్రం అనను.

ముత్తమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను పైకీ కిందికీ చూసింది. "నీ మన్నింపు ఎవురిక్కావల్ల? అది నానబెడితే పిండయితాదా? గంజి బాగల్యాకుంటే పారబోస్తా. ఊరంతా సూస్తాన్నా పారబోస్తా. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను.

కృష్ణప్ప వెనకనుంచి, "ముందు నా మగ్గానికి రావల్లవ్వా, కప్పలు గుడ్లు పెట్టకముందే" అన్నాడు.

ఫిబ్రవరి 29

ముత్తమ్మ పొద్దున నేను కాచిన గంజి వేలితో చూసి పారబోయించింది. పదిమంది చూస్తుండగా. రెండో కుండ కూడా. మూడోది పొయ్యి మీద ఉంది, నేనే కలుపుతున్నాను.

దానమ్మా, సిరా తే. ఈ పుస్తకం కింద ఎడమ వేలు వేస్తాను. రూలు ఉంటే ఉండనీ.