మల్లయ్య కొంగుచాటు ఏడుపు

1974, ఆదివారం రాత్రి

గోపన్‌పల్లిలో మా వాళ్లు ఏటా ఆడే నాటకాన్ని సినిమాగా తీశారని తెలిసి, ఇవాళ మా బామ్మర్ది మల్లయ్యను వెంటబెట్టుకుని చందానగర్ డేరా టాకీసుకు పోయాను. నాటకంలో తల్లి వేషం ఇరవై ఏళ్లుగా వాడిదే. మీసం మాత్రం గొరిగించుకోడు. అందుకే కొడుకు చచ్చిన సీనులో కొంగు ముక్కు దాకా కప్పుకుని, జనానికి వీపు తిప్పి ఏడుస్తాడు.

సినిమాలో ఆ తల్లి మొహం గోడంత కనిపించింది. కన్నీటి బొట్టు గడ్డం దాకా జారడం కూడా చూశాం. ఎంత బాగా చేసిందో! కళ్లు తిప్పుకోలేకపోయాను.

బయటికొచ్చాక మల్లయ్య మొహం వేలాడేశాడు. "ఇగ నేను చీర కట్ట బావా. ఆమెను చూసినంక నన్నెవడు చూస్తడు?"

"నువ్వే మంచిగ ఏడుస్తవ్‌రా. నీ భుజాలు వణుకుతుంటే నాకు దుఃఖం ఆగదు."

"జర ఊకో. ఇంకెన్ని దినాలు ఎక్కిరిస్తవ్?"

నేను నిజమే చెప్పాను. సినిమాలో ఆమెను మెచ్చుకుంటూ చూశాను గానీ ఏడుపు రాలేదు. మల్లయ్య వీపు చూస్తే ఏటా వస్తుంది. కానీ ఇన్నేళ్లూ వాణ్ని "మీసాలమ్మా" అని పిలిచిన నోరు ఇది. ఎలా నమ్ముతాడు?

రేపు మా ఇంటామెను వాడి దగ్గరికి పంపాలి. ఆమెకు వేళాకోళం తెలియదు. మల్లయ్య ఏడ్చే సీను మధ్యలో నేను చుట్ట వంకతో లేచిపోయి ఎక్కడ నిలబడి కళ్లు తుడుచుకుంటానో ఆమెకొక్కదానికే తెలుసు. ఆ సంగతి వాడికి చెప్పెయ్యమంటాను...