చెయ్యి పెట్టాల్సిన చోటు

తిరుపతి, 12-9-96

నాయనకు భానుశ్రీ దండాలు. నా దగ్గు తగ్గింది.

నిన్న మా డాక్టరు సారు మా క్లాసును వార్డుకు తీసుకుపోయి, ఏర్పేడు నుంచి వచ్చిన ఒక అవ్వకు, జ్వరం విడవక కడుపులో బల్ల, అదే ప్లీహం, పెరిగిందేమో నన్ను చూడమన్నారు. ఎడమ పక్కటెముకల కింద నొక్కి, ఏమీ లేదని చెప్పాను. మా సారు నా చెయ్యి తీసి బొడ్డుకు కిందగా, కుడివైపున పెట్టించారు. "ఈడనుంచి పైకి రామ్మా. నువ్వు బల్లమీదనే చెయ్యి పెట్టుకోని బల్ల లేదంటా ఉండావు" అన్నారు. మెల్లగా ఎడమపక్కగా పైకి జరిపితే, అంత కిందిదాకా పెరిగిన దాని అంచు గట్టిగా వేళ్లకు తగిలింది.

ఎండాకాలం సెలవుల్లో అమ్మకు జ్వరం విడవడం లేదంటే నేను అట్లాగే పక్కటెముకల కింద మాత్రమే నొక్కి చూశాను. ఏమీ లేదన్నాను. "నా బిడ్డే చూసినాక ఇంక డాక్టరెందుకు" అని ఆమె ఆస్పత్రికి పోలేదు.

సోమవారం మొదటి బస్సుకు అమ్మను పిలుచుకుని రా. ఆవును ఆనందమ్మత్తకు అప్పజెప్పు, ఆమెకు నా దండాలు చెప్పు. అటకమీది నా గొడుగు మర్చిపోవద్దు. జ్వరం ఇంకా వస్తోందా?

నేను తప్పుగా చూశానని అమ్మకు చెప్పు, దాచొద్దు. అయినా నన్నే చూడమంటుంది. ఈసారి సారు చూస్తారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంటాను.