ల్యాండ్‌మాస్టరు కారు, దాని తాలూకు రెండు బకెట్ల మంచినీళ్ళు

పోర్ట్ బ్లెయిర్, లంబాలైన్ నివాసి, కీర్తిశేషులు సూరయ్యగారి కుమారుడు, రిటైరైన డ్రాయింగు మాస్టారు కొల్లి గణేశ్వరరావు అను నేను, నడుం తప్ప మిగతా అవయవాలన్నీ, ముఖ్యంగా బుద్ధి, సక్రమంగా పనిచేస్తున్న స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా, మా అబ్బాయి బలవంతాన్ని లెక్కచేయకుండా, నా ఇష్టప్రకారం నా చేతులతో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఎక్కడైనా ఏదైనా రాసి ఉంటే అది చెల్లదు.

నా బుద్ధి సక్రమంగా ఉందన్న సంగతి మీద నా భార్య శేషమ్మకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో కారుకు స్నానం చేయించే మనిషికి బుద్ధి ఎక్కడ ఏడిసిందని ఆమె వాదన. సాక్షులు దాన్ని పట్టించుకోనక్కరలేదు.

1. లంబాలైన్‌లోని ఇల్లు శేషమ్మ జీవితకాలం ఆమెది. తదనంతరం మా అబ్బాయి చెన్నకేశవులుకు, అమ్మాయి సత్యవాణికి చెరిసగం. ఇందులో తగవుకు చోటు లేదు కాబట్టి ఎవరూ శ్రద్ధగా చదవరు. అందరూ వెతికేది కారు గురించే. నా దినకార్యాలు ముగియకముందే దాని ఇంజన్ ఊడబీకడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారని నాకు తెలుసు. అది జరగకుండా చూడడమే ఈ కాగితం ఉద్దేశం.

2. సదరు కారు వివరం. ల్యాండ్‌మాస్టరు, లేత ఆకుపచ్చ రంగు. ఇక్కడినుంచి బదిలీ అయిపోతున్న ఒక ఇంజనీరుగారి దగ్గర కొన్నాను. "మాస్టర్‌జీ, ఈ ఉప్పుగాలికి దో సాల్ కూడా నిలవదు" అని దీవించి మరీ తాళాలిచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కారు ఉంది.

ఇందులో అసలు సరుకు ఏం మిగిలిందని చెన్నకేశవులు తరచూ అడుగుతుంటాడు. స్టీరింగు, హారను, ముందు అద్దం, నేను. సీట్లు వేలంలో పోయిన జీపువి. ఫ్యాన్‌బెల్టు చేపలపడవ ఇంజనుది. కార్బురేటరు మద్రాసునుంచి ఎవరి లుంగీలోనో చుట్టుకుని ఓడలో వచ్చింది. మద్రాసు ఓడ ఎక్కే ఏ తెలుగువాడూ నా దగ్గర సామాన్ల చీటీ తీసుకోకుండా వెళ్ళలేదు. కొందరు మా వీధి తప్పించుకుని చుట్టు తిరిగి హార్బరుకు పోయేవారని తరవాత తెలిసింది. వాళ్ళను క్షమించాను. వాళ్ళ పేర్లు మాత్రం మరిచిపోలేదు.

3. కుమారుడు చెన్నకేశవులుకు. ఇతడు అభివృద్ధి కాముకుడు. "నాన్నా, డీజిల్ ఇంజన్ ఎక్కించేద్దాం, ఏసీ లగాదేంగే, పాట పాడే హారన్ పెడదాం, టూరిస్ట్ లోగ్ లైను కడతారు" అని భోజనం దగ్గర కూర్చున్నప్పుడల్లా చెబుతాడు. కారు పాడైతే బాగుచేయడం నాకు తెలుసు. బాగున్న కారును బాగుచేసే విద్య ఇతడికే తెలుసు. చల్లగాలి మీద అతడికున్న మక్కువను గుర్తించి నా టేబుల్ ఫ్యాను ఇస్తున్నాను. దానితోబాటు పాత చక్రం మూత కూడా. చిన్నప్పుడు దాన్నే స్టీరింగుగా పట్టుకుని, నోటితో ఇంజన్ చప్పుడు చేస్తూ ఇల్లంతా తిరిగేవాడు. ఆ చప్పుడు అసలు ఇంజన్ కన్నా బాగుండేది. డీజిలు మాట అప్పుడు ఎత్తేవాడు కాదు. ఆ మూత ఇన్నాళ్ళూ నా బట్టల పెట్టెలో ఎందుకుందని ఎవరూ అడగవద్దు.

4. అల్లుడు గోవిందరాజులుకు. ఏలూరు కాలవ నీళ్ళు తాగి పెరిగినవాడు. పెళ్ళైన కొత్తలో, కుళాయి రాని వారంలో, మామగారిని సంతోషపెడదామని కారును బీచికి తోలుకుపోయి సముద్రపు నీళ్ళతో శుభ్రంగా, మూలమూలలా కడిగి తెచ్చాడు. "ఇన్ని నీళ్ళు పక్కనే పెట్టుకుని కుళాయి కోసం ఏడవడమేమిటండీ మామయ్యగారూ" అని నవ్వాడు కూడా. నేనూ నవ్వాను. కొత్త అల్లుడు కదా. ఆ తరవాత ఎడమవైపు వెనక తలుపు అప్పడంలా పొడి అయింది. దాని శేషం షెడ్డు వెనక గోడకు ఆనించి ఉంది. అది గోవిందరాజులుకు సర్వహక్కులతో చెందుతుంది. హాల్లో తగిలించుకోవలెను. మనిషి మంచివాడు, మా అమ్మాయిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు, ఆ సంగతీ ఇక్కడే రాసి పెడుతున్నాను.

5. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఎరుకమ్మకు. శ్రీకాకుళం తీరంనుంచి వచ్చిన ఈమెగారి వాళ్ళు పడవ చెక్క చెడకుండా సొరచేప నూనె పూస్తారు. ఆ నూనె కారు అడుగున పూస్తే ఇనుమూ నిలుస్తుందని నాకు తోచింది. అడిగితే, "కారుకెందుకండీ బాబూ, ఇదేటి సముద్రంలోకెల్తాదేటి? పాగల్ అయిపోనారా మాస్టరుగోరూ" అంది. అని, డబ్బా నింపి ఇచ్చింది. తుప్పు ఆగింది. వాసన ఆగలేదు. పెళ్ళిళ్ళకు కారు అడిగి తీసుకెళ్ళినవాళ్ళు ఊరేగింపులో మేళం వెనక పిల్లులు కూడా నడిచాయని ఫిర్యాదు చేశారు. ఎరుకమ్మ వానలో తడుస్తూ బేరం చేస్తుంది కాబట్టి నా రెయిన్‌కోటు ఆమెది. పిల్లులకు ఏమీ రాయడం లేదు. అవి ఇప్పటికే తగినంత అనుభవించాయి.

6. ఈ వీలునామా అమలుకు పొరుగింటి వెంకటాచలంగారిని నియమిస్తున్నాను. ఆయనకు కార్ల గురించి ఏమీ తెలియదు. అయినా ఎప్పుడూ సలహా ఇవ్వలేదు. ఇన్నేళ్ళ జీవితంలో నేను చూసిన అలాంటి మనిషి ఆయనొక్కరే.

7. ఇక కారు.

మొన్న జూన్‌లో నేను కారు కిందికి దూరాను. బయటికి నలుగురు లాగితే వచ్చాను. అప్పటినుంచి మంచం మీదే. షెడ్డు ఇంటికి దిగువన ఉంది, కిటికీలోంచి కనపడదు, వినిపిస్తుంది. ఆదివారం పొద్దున ఇంజన్ నడపడం నా అలవాటు. నేను పడుకున్నాక కూడా ప్రతి ఆదివారం అది నడుస్తూనే ఉంది. చెన్నకేశవులు బాగుపడ్డాడనుకున్నాను. కానీ ఆ చప్పుడు వినిపించే వేళకు అతడి గురక కూడా పక్క గదిలోంచి వినిపిస్తోంది.

చెవి పెట్టి విన్నాను. చోకు పూర్తిగా లాగడం, ఒకసారి చచ్చిపోనివ్వడం, చోకు సగం నొక్కి మళ్ళీ పట్టించడం. ఈ కారు అలాగే లేస్తుంది, వేరే విధంగా లేవదు. ఇది నేనెవరికీ నేర్పలేదు. వంటింట్లోంచి నన్నూ దాన్నీ తిడుతూ ఇన్నేళ్ళూ విన్న మనిషికి తప్ప మరొకరికి తెలిసే అవకాశం లేదు. తరవాత బకెట్ల చప్పుడు. రెండు. కదలని కారుకైనా ఉప్పుగాలి తగులుతుందని తెల్లారి లేస్తే ఆమెకు చెప్పింది నేనే. "నాకు తలంటుకి చెంబుడు నీళ్ళు దొరకవు గానీ, మీ రెండో పెళ్ళానికి రోజూ అభ్యంగనాలా" అని నన్ను అడిగింది కూడా ఆమే.

ఆదివారాలు స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఉండదు. శేషమ్మ జిడ్డు జుట్టు ముడేసుకుని, చీర అంచున నల్ల మరకతో, ఒంటినిండా సొర నూనె వాసనతో కాఫీ తెచ్చి, "ఏంటలా చూస్తారు, చల్లారిపోతుంది తాగండి" అంటుంది. నేను తాగుతాను. నాకు తెలుసని ఆమెకు తెలియదు. ఇది రాస్తుండగా కింద ఇంజన్ నడుస్తోంది. నాకు ఏడుపొస్తోంది, ఆ సంగతి కూడా రాస్తున్నాను.

కాబట్టి సదరు ల్యాండ్‌మాస్టరు కారు, పనిముట్లతో, నూనె డబ్బాతో సహా నా భార్య శేషమ్మకు చెందుతుంది. నడుపుకున్నా, అమ్ముకున్నా, కోళ్ళగూడు చేసుకున్నా ఆమె ఇష్టం. చెన్నకేశవులు నోరెత్తరాదు. ముందు సీటులో ఇన్నాళ్ళూ నా పనిముట్ల పెట్టె కూర్చుంది, ఆమె వెనక కూర్చుంది. ఆ పెట్టె డిక్కీలోకి పోవలెను. సత్యవాణి నడుపుతుంది, శేషమ్మ ముందు కూర్చుని చిడియాటాపు బీచి దాకా వెళ్ళి రావలెను.

షరతు ఒక్కటే. కుళాయి రాక ఇంట్లో రెండు బకెట్లే ఉన్న రోజున ముందు శేషమ్మ తలంటుకోవలెను. నీళ్ళు మిగిలితేనే కారుకు. తుప్పు పడితే పట్టనీ. ఈ చివరి మాట నా చేత ఎవరూ బలవంతాన రాయించలేదని, రాసే సమయానికి నా బుద్ధి సక్రమంగానే ఉందని సాక్షులు ప్రత్యేకంగా గమనించవలెను.

పోర్ట్ బ్లెయిర్,
1993 అక్టోబరు 17, ఆదివారం ఉదయం.

(సంతకం) కొల్లి గణేశ్వరరావు

పైన రాసినదంతా ఆయన మా ఎదుట చదివి, కళ్ళు తుడుచుకుని సంతకం చేయగా చూసినవారు:
1. గవరయ్య, బ్రూక్షాబాద్
2. కమలాకుమారి, టీచరు, గరాచర్మ