నీళ్ళ రంగు చెప్పిన గొంతు

జూన్ 9
ఏలూరు ఆఫీసు. చేపల చెరువుల పాత ఫైళ్ళన్నీ క్లౌడ్‌లోంచి తీసెయ్యమన్నారు సారు. "వాడనివాటికి అద్దెందుకమ్మా?"
డిలీట్ నొక్కబోతే హెచ్చరిక. ఆరు నెలలు నిండకుండా తీసేస్తే మిగిలిన రోజుల అద్దె కూడా కట్టాలట. పారెయ్యడానికీ డబ్బా! భలే తమాషాగా ఉందే. ఇదేమిటో తేల్చుకోవాలి.

జూన్ 10
తాడేపల్లిగూడెంలో కోల్డ్ స్టోరేజీ చూసుకునే బాబాయికి ఫోన్. "మా దగ్గరా అంతేనమ్మా. బస్తా ముందే పట్టుకుపోయినా సీజను అద్దె సీజను అద్దే." నవ్వాడు.
వాటిని ఆర్కైవ్ అనే క్లౌడ్ అటకమీద పెట్టింది నేనే, మార్చిలో... చవకని చూసి, షరతులు చదవకుండా. బయటికి తీసి చూడాలన్నా వేరే రుసుము, సగం రోజు ఆగాలి. చదివినకొద్దీ ఇంకా చదవాలనిపిస్తోంది.

జూన్ 12
అందులో ఉన్నది సత్తిబాబుగారి గొంతు. మండవల్లి చెరువుల్లో మేత సంచులు కట్టే మనిషి. రోజూ తెల్లారగానే పడవ మీంచి నీళ్ళ రంగు, వాసన, చేపల కదలిక ఫోన్లో చెప్పి పంపేవారు. ఫిబ్రవరిలో గొంతు ఆపరేషన్. పని చేస్తున్నారు గానీ మాట లేదు, పలక మీద రాస్తారు.
ఏడాది మాటలన్నీ ఒకే కట్టగా చుట్టి పెట్టాను. తీస్తే అన్నీ రావాల్సిందే.

జూన్ 13
ఆయన భార్య మంగమ్మగారి ఫోన్. "తీసేస్తారంట కదండీ? ఒక్కసారి ఆయన మాట వినిపించండి. తర్వాత మీ ఇష్టం."
ఏడుపొచ్చింది. ఆ రుసుము నేనే కడతానన్నాను.

జూన్ 14
మండవల్లి వెళ్ళాను. సత్తిబాబుగారు పలక మీద — "వద్దు. తీసెయ్యండి."
"ఎందుకండీ?"
ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి రాశారు. కిందటేడు చేపలు చచ్చి తేలిన రోజు ఆయన చెరువుకే వెళ్ళలేదు. అలవాటు కొద్దీ మంచం మీంచే "నీళ్ళు పచ్చగా ఉన్నాయండీ" అనేశారు. పచ్చనీళ్ళంటే బాగున్నట్టే గనక, నింద చెరువుకి గాలి కొట్టే మోటారు మెకానిక్ మీద పడింది. సారు అతన్ని పనిలోంచి మాన్పించేశారు.
అరచేత్తో పలక తుడిచేసి సంచుల దగ్గరికి వెళ్ళిపోయారు.

జూన్ 15
అయినా తెప్పించమని నొక్కాను. మంగమ్మగారి కోసమే... అబద్ధం. నాకూ వినాలని ఉంది.

జూన్ 16
పొద్దున్నకి వచ్చేశాయి. ఆగలేక ఆ తేదీయే ముందు విన్నాను. తెడ్డు చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతోంది. "నీళ్ళు పచ్చగా ఉన్నాయండీ."
దానికి ముందు, మెల్లగా, మంగమ్మగారు — "ఒళ్ళు కాలిపోతోంది, లేవకండి. పడుకునే చెప్పెయ్యండి."
పలక మీద ఈ మాట ఆయన రాయలేదు.
ఆవిడ పదకొండింటి బస్సుకి వస్తున్నారు. సారు కుర్చీ లాక్కున్నారు. "నేనూ వింటానమ్మా."
తెప్పించిన కాపీలోంచి ఆ ఒక్క ఫైలు తీసెయ్యడానికి రుసుమేమీ లేదు. చూశాను. వేలు డిలీట్ మీదే ఉంది, ఇంకా నొక్కలేదు.