తిమ్మక్క ఇవ్వనన్న కుక్కపిల్ల

జవళగిరి,
2001 నవంబరు, ఆదివారం.

నాయనకు,

నళిని నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ అమ్మ, తాత, నేను క్షేమంగా ఉన్నాము. ఎర్రావు ఈనింది, కోడెదూడ. రాయపూర్ వైపు బోర్లు వేసే లారీతో ఊరూరూ తిరుగుతున్నా వేళకు తింటున్నావని అనుకుంటున్నాము. "క్షేమంగా" అని రాసేటప్పుడు నా కలం కాసేపు ఆగింది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

చదువు బాగానే సాగుతోంది. "జంకు" అనే మాటను వ్యాసంలో సరైన చోట వాడానని మా తెలుగు అయ్యవారు క్లాసులో చదివి వినిపించారు. ఆ మాటనే నోట్లో తిప్పుకుంటూ హోసూరు నుంచి ఇంటిదాకా బస్సులో వచ్చాను.

ఏనుగులు వచ్చాయా అని అడిగావు. వచ్చాయి. ఈసారి మంద పెద్దదని ఫారెస్టు వాళ్ళు చాటింపు వేయించారు. మన రాగి చేను కంకి పట్టింది. తాత మంచె కట్టించుకున్నాడు. ఆయన చెవులు ఇంకా మందగించాయి, వెనక నిలబడి పిలిస్తే పలకడు. ఒక్కడివే కాపలాకు పోవద్దని అమ్మ ఎంత బతిమాలినా, "కుక్కొకటి ఉంటే సాలమ్మా, అదే నాకు చెవులు" అంటాడు.

ఆ కుక్క గురించే కదా నువ్వు రాశావు. మగది కావాలి, ముందుకు దూకేది కావాలి, మన పాత కుక్క భీముణ్ణి నువ్వు ఏరి తెచ్చినట్టే పోచంపల్లి సంతలో ఏరుకోమన్నావు. సంతకు పోయాము. బుట్టలో కళ్ళు కూడా సరిగ్గా విప్పని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. "తల్లి యాడుందప్పా?" అని అమ్మ అడిగితే, "తల్లితో ఏం పనమ్మా, సంబంధం మాట్లాడతావా?" అని అమ్మేవాడు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఉత్త చేతులతో వచ్చేశాము.

పక్క చేను ఈశ్వరప్ప మామ ఉద్దనపల్లి తిమ్మక్క పేరు చెప్పాడు. ఆమె కోంబై జాతి కాపలా కుక్కలను పెంచుతుంది. ఏటికి ఒక్క ఈతే, అదీ అడిగినవాళ్ళందరికీ ఇవ్వదు. "కుక్కను చూసుకునే మనిషిని పిలుచుకొని రా" అని ఆమె కబురు పెట్టింది కాబట్టి, పోయిన ఆదివారం తాతను కూడా తీసుకొని ముగ్గురం పోయాము.

తల్లి కుక్క గుమ్మంలోనే పడుకొని ఉంది. పిల్లలకు రెండు నెలలు నిండాయి. తిమ్మక్క మాకు మజ్జిగ ఇచ్చి, పిల్లలను చూపించకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏం పెడతారు, ఎవరు చూసుకుంటారు, ఇంటి చుట్టూ ఏముంది? బిడ్డను అడగడానికి వచ్చినట్టు మేము సర్దుకొని కూర్చున్నాము.

"మునుపు కుక్కుండేదా? ఏమైంది?"

నీకు రాసిన మాటే ఆమెకూ చెప్పాను. చిరుత ఎత్తుకుపోయిందని.

ఆమె నా ముఖంలోకి చూసింది. పిల్లలను వాకిట్లోకి వదిలి, వాటి వెనక అన్నం తినే స్టీలు తట్టను రాతి మీద పడేసింది. ఒకటి మంచం కిందికి దూరింది. ఒక మగపిల్ల మొరుగుతూ పోయి తట్టను పట్టుకొని ఈడ్చింది. చిన్న ఆడపిల్ల ఒకటి జంకింది. అవును నాయనా, ఆ మాట అక్కడే నాకు కళ్ళారా కనిపించింది. వెనక్కి ఒక అడుగు వేసి, తాత కాలికి ఆనుకొని నిలబడి, అక్కడి నుంచే రెండుసార్లు గట్టిగా మొరిగింది.

"వీడే!" అన్నాడు తాత, తట్ట ఈడ్చినదాన్ని చూపించి. "మావాడు రాసింది వీడి గురించే."

"వీడ్ని మీకియ్యను" అంది తిమ్మక్క.

"దుడ్డు తక్కువైతాదనా?"

"దుడ్డు కాదప్పా. వీడు ఏనుగును చూస్తే మీదికి దూకుతాడు. అది తిరగబడితే యాడికొస్తాడు?"

వినబడలేదేమో అనుకొని నేను తాత చెవి దగ్గర మళ్ళీ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా తావుకే వస్తాడు" అన్నాడు. "వచ్చినాడు గూడా."

నాయనా, ఆ రోజు నుంచి ఇది రాయాలని ఉంది. పోయిన ఏడాది తాత, నీకు రాసినట్టు, గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకోలేదు. పొద్దు గూకే వేళ మంచె దిగి నిలబడి ఉన్నాడు. భీముడు అడవి అంచున ఒంటి ఏనుగును చూసి మీదికి పోయాడు. అది తరిమితే నేరుగా తాత కాళ్ళ వెనక్కి వచ్చి దాక్కున్నాడు. వాడి వెనకే ఏనుగు. తాతకు ఏమీ వినబడలేదు. నేల అదిరితే తిరిగి చూసి కాలువలోకి దొర్లాడు, అందుకే మిగిలాడు. భీముడు మిగల్లేదు. ఈశ్వరప్ప మామ టపాకాయలు కాల్చుకుంటూ వచ్చేదాకా తాత విరిగిన కాలితో ఆ బురదలోనే ఉన్నాడు.

ఆస్పత్రిలో కట్టు కడుతుంటే ఆయన అన్న మొదటి మాట ఇది: "వానికి రాయొద్దు. ఆ కుక్కను ఏరి తెచ్చింది వాడు." అందుకే గట్టు, అందుకే చిరుత. ఇప్పుడు ఆయన మాట దాటి రాస్తున్నాను. అలాంటి కుక్కనే మళ్ళీ తెమ్మని నువ్వు రాస్తే ఇంకెలా దాచను?

తిమ్మక్క ఆ చిన్న ఆడ కుక్కపిల్లను తెచ్చి తాత ఒడిలో పెట్టింది. "ఉన్న తావునే నిలబడి మొరిగేది ఇది. అయితే ఏడాది నిండేదాకా చేనికి తోలుకొని పోగూడదు. రేతిరిపూట దీని పక్కన మనిషుండాల. లేదంటే నేనే వచ్చి తీసుకొని పోతా. ఎవరుంటారు?"

అమ్మ తాత వైపు చూసింది. నేనూ చూశాను. రాత్రిళ్ళు ఇంట్లోనే ఉండమని ఏడాదిగా ఇద్దరం అడిగి అడిగి ఓడిపోయిన మాట అది.

తాత పిల్ల చెవిని వేళ్ళతో నిమురుతూ, "నేనుంటా లే" అన్నాడు.

నిన్న సాయంత్రం ఏనుగుల మంద చేలలోకి దిగింది. ఈశ్వరప్ప మామ వాళ్ళు డప్పులు కొడుతుంటే, తాత టార్చి అందుకొని లేచాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన ఆగలేదు. అప్పుడు గోనెపట్టా మీది పిల్ల కుయ్‌మని ఏడ్చింది. తాతకు అది వినబడి ఉండదు, నోరు తెరవడం చూసి ఉంటాడు. తలుపు దగ్గర నిలబడి దాన్ని చూశాడు, చీకట్లోకి చూశాడు. "దీనికి మాటిచ్చినానే" అని గొణిగి, టార్చి ఆర్పి కూర్చున్నాడు. కింది మడిలో రాగి అంతా పోయింది. పై మడి నిలిచింది.

ఈ ఉత్తరం రాస్తున్నానని పొద్దున తాతకు చెప్పాను, ఏం రాస్తున్నానో కూడా. తిడతాడనుకున్నాను. పిల్లకు పాలు పోశాడు. తర్వాత, "దానికి ఇంకా పేరు పెట్టలేదని రాయి. పోయినదానికి వాడే పెట్టినాడు, దీనికీ వాడే పెట్టాలని రాయి" అన్నాడు.

పేరు కోసం తాత ఎదురుచూస్తున్నాడు నాయనా. తొందరగా రాయి.

ఇట్లు,
నీ మాటా తాత మాటా రెండూ దాటిన కూతురు,
నళిని