ఒకే తోట, మూడు సీసాలు

సూరిబాబూ,

పెళ్లాం పేరు పెట్టి పిలిచిందని కోపం తెచ్చుకోకు. ఇక నువ్వు చేయగలిగేదేమీ లేదు. ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యి చుట్టాలంతా పలాస బస్సెక్కాక, నీ చెల్లెలు రవణా నేనూ రేకుల గదిలోని నీ బీరువా తెరిచాం.

నాసిక్ దగ్గర ఒకే తోట నుంచి ఏటా తెప్పించుకున్న ఎర్ర వైను సీసాలు మూడు మిగిలాయి. మన జీడిపప్పు కొనడానికొచ్చిన షావుకార్లకు, ఏ ఏడాది ద్రాక్ష ఎలాంటిదో గంటలకొద్దీ చెప్పేవాడివి. ఓసారి పప్పు వేయించి తెచ్చి వాళ్లకు వడ్డించి, “నాకూ ఓ గుక్క పొయ్యండి” అన్నాను.

“దీనికేటి తెలుత్తాది? పులుసు రుచి సూసే నాలిక!” అన్నావు. వాళ్లంతా పగలబడి నవ్వారు. ఖాళీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఇవాళ రవణతో కలిసి మూడూ వరసగా తాగి చూశాను. కొత్త ఏడాదిది నేరేడుపండులా తియ్యగా మొదలై, చివర్లో జీడిమామిడి పండులా కాస్త వగరు తగిలింది. నడిమిది చప్పగా ఉంది. అన్నిటికంటే గొప్పదని నువ్వు దాచిన పాతది పులిసిపోయింది, రెండో గుక్క మింగలేకపోయాం. రేకుల వేడిలో ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచితే, వైను తగలని బిరడా ఎండిపోయి గాలి చొరబడదా? గొప్పలు చెప్పడమే తప్ప ఆపాటి తెలియలేదు నీకు.

రవణ కొత్తదే మళ్లీ పోసుకుంది. నీ ఫొటో వైపు చూసి, “ఒదినా, అన్నకి కూడా కూసింత పెడదామేటి?” అంది.

పెట్టాను. పాతది, గ్లాసు నిండా. మంచిది మేమిద్దరం పూర్తి చేశాం.