ఏడో నెంబరు నల్లచీటీ

కంచరపాలెం, విశాఖపట్నం,
తేది 12-3-1984.

శ్రీయుత జిల్లా పౌరసంబంధాల అధికారి వారి సముఖమునకు సాగరతీర విలేకరుల సంఘం కార్యదర్శి బోని అప్పలసూరి సమర్పించుకొను అర్జీ.

విషయం: 1983వ సంవత్సరపు ఉత్తమ వార్తారచన బహుమతి ఒకరికి చెందవలసినది మరొకరికి చెందుట – సదరు పొరపాటు నావల్లనే జరుగుట – గుర్తింపు కార్డు జాబితా ఈ నెల 31న ముగియనున్నందున అంతకు ముందే సవరణ కోరుట – గురించి.

అయ్యా,

ఈ అర్జీ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ దాని మీద పచారీ సరుకుల చీటీ రాసుకున్నాను. అరవై నాలుగేళ్ళు వచ్చాయి, ఎవరూ అడగలేదు, ఎవరికీ అనుమానం కూడా లేదు. అయినా జాబితా ఆఖరు తేదీ గోడ మీది క్యాలెండరులో ఎదురుగా కనబడుతూ ఉన్నందున ఈ క్రింది సంగతులు తమకు విన్నవించుకొనుచున్నాను.

1. మనవి చేయునది ఏమనగా, మా సంఘం 1971లో పాత బస్టాండు ఎదుటి టీ దుకాణంలో పుట్టినది. అప్పట్లో పల్లెల నుంచి వార్తలు బస్సుల్లో వచ్చేవి. రాసిన కాగితం కవరులో పెట్టి, మూల మీద 'ప్రెస్' అని రాసి కండక్టరు చేతిలో పెడితే సాయంత్రానికి బస్టాండు చేరేది. ఆ కవర్లు పంపేవాళ్ళకు జీతం లేదు, పత్రికలో పేరు లేదు. 'మా విలేకరి' అన్న రెండు ముక్కలే వాళ్ళ పేరు. నేను విలేకరిని కూడా కాదు, కంపోజిటరును. బడికి పోలేదు. సీసపు అక్షరాలు పేరుస్తూ చదువు నేర్చినవాణ్ణి గనుక ఇప్పటికీ తిరగేసిన అక్షరాలనే తేలిగ్గా చదవగలను. అది వేరే సంగతి. ఈ పేరులేని వాళ్ళకు ఏడాదికొకసారైనా పేరు పెట్టి పిలిచే పని ఒకటుండాలని పోటీ పెట్టాము. మొదటి బహుమతి వచ్చిన వారిని, విలేకరులకు తమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డుకు సిఫారసు చేయుట మా సంఘం ఆనవాయితీ. ఏడాదికి ఒక్కరినే.

2. నీలకంఠం అనే ఆయన హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇరవై రెండేళ్ళుగా ఒక దినపత్రికకు రేవు కబుర్లు పంపుతున్నాడు. వేటకు పోయే మర పడవ ఏదైనా ఇతని దగ్గర ఐసు ఎత్తుకోకుండా పోదు. కాబట్టి ఎవరు పోయిందీ, ఎవరు రానిదీ ఇతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నిరుడు అక్టోబరులో గాలివాన వెలిసిన తరువాత తన ఐసు పుస్తకం తిరగేసి, మళ్ళీ ఐసుకు రాని పడవలు మూడని, వాటిలో ఉన్నవారు పదహారు మందని రాసి పంపాడు. ఒక్కొక్కరి పేరు, వయసు, ఏ పడవ, ఇంట్లో ఎవరున్నారు. అంతే. అచ్చయినదే పంపాలన్న నిబంధన ప్రకారం పత్రికలోని ఆ ముక్కనే కత్తిరించి, పేరు రాసి పోటీకి పంపాడు.

ఇతనికి కార్డు ఎందుకు కావాలో తమకు మనవి చేయాలి. గాలివాన వచ్చినప్పుడు పేటలోని ఆడవాళ్ళు ఆఫీసులకు పోరు, నీలకంఠం దగ్గరకు వస్తారు. ఇతను పోయి హార్బరు గేటు దగ్గర నిలబడతాడు. "కార్డుందేటి?" అంటాడు కాపలావాడు. లేదు. ఇతను తిరిగి వచ్చి ఆ ఆడవాళ్ళ మొహాలు చూడాలి. "సేపలు కొన్డానికొచ్చినోణ్ణి పోనిత్తాడు బావా, సచ్చిపోయినోల పేర్లు రాసుకోడానికొచ్చినోణ్ణి పోనివ్వడు" అని నాతో ఒకసారి అన్నాడు. మళ్ళీ గాలివానల కాలం ఎంతో దూరం లేదు.

3. పోటీలో పక్షపాతం లేకుండుటకు గాను నిబంధనలు రాసింది నేనే. ప్రతి ఎంట్రీని తెల్లకాగితం మీద అంటించి, దాని మీది పేరు కనబడకుండా నల్లచీటీ ఒకటి అంటించి, చీటీ మీద తెల్లసిరాతో నెంబరు వేయవలెను. ఏ నెంబరు ఎవరిదో రాసిన పుస్తకం సీలు వేసి అధ్యక్షుల వారి దగ్గర ఉంచవలెను. ఎంట్రీలు నా దగ్గర ఉంచవలెను. అనగా నేను మోసం చేయాలన్నా వీలు లేకుండా నాకు నేనే కట్టు కట్టుకున్నాను. నల్లచీటీలకు కాగితం ఫోటో స్టూడియో నుంచి తెచ్చేవాణ్ణి. ఫోటో కాగితాలకు చుట్టి వస్తుంది, వెలుతురుకు ఎదురు పట్టినా లోపలి అక్షరం కనబడదు. ఇంత జాగ్రత్త పడ్డవాణ్ణి.

జిగురు కాచినప్పుడు మాత్రం అందులో మైలుతుత్తం కలపలేదు.

మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపకపోతే బొద్దింకలు తినిపోతాయని అచ్చాఫీసులో బైండింగు నేర్చుకునే పిల్లకాయకు కూడా తెలుసును. నలభై ఏళ్ళు ఆ వాసనలో బతికినవాణ్ణి. ఇంట్లో అయిపోయింది, రేపు తెద్దామనుకున్నాను. ఎంట్రీలు చూడవలసిన చలమయ్య మాస్టారు కూతురింటికి వెళ్ళి పన్నెండు రోజులకు గాని రాలేదు. అన్నాళ్ళూ ఎంట్రీలు మా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. తీసేసరికి నాలుగు చీటీలు ఊడి పెట్టె అడుగున పడి ఉన్నాయి.

మా ఇంటిది, కాశమ్మ, చూసి అన్నది: "మైలుతుత్తం ఎయ్యనేదా? పెళ్ళి కాడ్నించి సూత్తన్నాను, నీ పనులన్నీ ఇంతే."

అధ్యక్షుల వారి దగ్గరకు పోయి సీలు విప్పించి పుస్తకం చూసుకుంటే తీరిపోను. కానీ కంపోజిటరు అప్పలసూరి జిగురు కాయడం మరిచాడని చెప్పుకోవాలి. చెప్పుకోలేక, నా జ్ఞాపకశక్తి మీద నాకు గల గర్వం కొద్దీ, నాలుగు చీటీలనూ గుర్తున్న ప్రకారం తిరిగి అంటించాను. రెండు సరిగానే పడ్డాయి. ఏడు, పదకొండు మారిపోయాయి. పుస్తకం ప్రకారం ఏడు కొండలరావుది, పదకొండు నీలకంఠానిది. నేను నీలకంఠం కాగితం మీద ఏడు అంటించాను.

4. మాస్టారు ఏడో నెంబరుకు మొదటి బహుమతి వేశారు. అధ్యక్షుల వారు పుస్తకం సీలు విప్పి కొండలరావు పేరు చదివారు. ఏ చీటీ ఏ కాగితం మీద అంటించానో అప్పటికి నాకే గుర్తు లేదు. జనవరి 22న జరిగిన సభలో తమ చేతుల మీదుగానే షీల్డు ఇవ్వబడినది. షీల్డు మీది ఓడ కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉండుట తమరు గమనించియే ఉందురు. ఆ సభలో ఉపన్యాసాలు పదమూడు. బహుమతి వచ్చిన వార్త ఏమిటో చదివి వినిపించిన వారు ఒక్కరూ లేరు. రెండు ముక్కలు చదివి ఉంటే నా తప్పు అక్కడే బయటపడేది.

ఇంకొక సంగతి దాచడం బాగుండదు. వచ్చిన ఎంట్రీలు పదకొండు, ఇచ్చిన బహుమతులు తొమ్మిది. ప్రోత్సాహక బహుమతులని, ప్రత్యేక బహుమతులని అధ్యక్షుల వారు ఏటేటా పెంచుకుంటూ పోయారు. ఏమీ రాని ఇద్దరిలో నీలకంఠం ఒకడు. సభకు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, వెనక వరుసలో కూర్చుని తొమ్మిదిసార్లూ చప్పట్లు కొట్టాడు.

5. సభ అయ్యాక ఎంట్రీలు ఎవరివి వారికి తిరిగి ఇవ్వడం రివాజు. ఫిబ్రవరి మొదటి వారంలో పళ్ళెంలో నీళ్ళు పోసి చీటీలు నానబెట్టి ఊడదీస్తున్నాను. ఏడు కింద నీలకంఠం పేరు తేలింది. ఆ పూట ద్వారకా నగర్‌లో మాస్టారింటికి పోయాను.

"మాస్టారూ, ఏడో నెంబరు ఏదో గుర్తుందా?"

"పడవలదే కదయ్యా. ఒక్క విశేషణం లేదు. అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు."

"మరి పదకొండు?"

"ఆఖరు మార్కులు దానికే. ఇంకా కట్టని ఉక్కు కర్మాగారం పొగగొట్టాన్ని మన్మథుడి చెరుకువిల్లుతో పోల్చినవాడు. ఏం, వాడు గొడవ పెడుతున్నాడా?"

లేదు మాస్టారూ, వాడికి షీల్డు ఇచ్చామని చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "అడిగితే చెబుతాను, రాసి మాత్రం ఇవ్వను. నన్ను సంఘం గొడవల్లోకి లాగకు" అన్నారు.

6. అధ్యక్షులు గురునాథరావు గారు వారపత్రిక ఒకటి నడుపుతారు. ఏడేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. ఎన్నికలు జరుగుతాయి, పోటీ ఉండదు. సాయంత్రం బజ్జీలు ఉంటాయి. జరిగింది చెప్పి పత్రికల్లో చిన్న సవరణ వేయిద్దామన్నాను.

"నీకేటి మతి పోనాదా బావా? దండేసీసినాం, పొటో పడిపోనాది. ఇప్పుడు కాదంటే మన సంగం పరువేటవుద్ది?"

"తప్పు జరిగింది కదా."

"అచ్చయిపోనాక తప్పేటి? నీలకంఠానికి వచ్చే ఏడు ఇద్దాం. పెద్దది, దీనికి రెట్టింపు సైజు."

"మరి కార్డు?"

"ఇరవై రెండేళ్ళు నేకండా బతికినాడు, ఇంకో ఏడు బతకలేడేటి?"

ఆయన మాటకు నాకు కోపం రాలేదని తమకు మనవి. భయం వేసింది. ఊరందరి తప్పులూ రోజూ అచ్చువేసి ఊరి మీదకు వదిలేవాళ్ళం. ఫలానా గుమాస్తా అని, ఫలానా మేస్త్రీ అని పేర్లు పెట్టి వేస్తాం. మా తప్పు ఒక్కటి, నాలుగు లైన్లు, అడుగు మూలన వేసుకోవడానికి మాకు చోటు లేకపోయింది.

7. కొండలరావును అడగకుండా తమకు రాయడం ధర్మం కాదని అతని ఇంటికీ వెళ్ళాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు, దువ్వాడలో కాపురం. షీల్డు ఎదురు గోడకే ఉంది. నేను చెప్పింది విని తల వంచుకున్నాడు.

"నాకూ అనుమానంగానే ఉందండి అప్పలసూరి గారూ. నాది నేనే మళ్ళీ చదువుకున్నానండి, సగంలో ఆపేశానండి. కానీ మా మావగారు మండపేట నుంచి వచ్చి మరీ చూసెళ్ళారండి. సంఘం రాసిస్తే నేనూ కింద సంతకం పెడతానండి. నా అంతట నేను మాత్రం చెప్పలేనండి."

మంచివాడే. భార్య కాఫీ ఇచ్చింది, తాగి వచ్చాను. మాస్టారు అడిగితే చెబుతారు, కొండలరావు సంఘం రాస్తే సంతకం పెడతాడు, సంఘం వచ్చే ఏడు పెద్దది ఇస్తుంది. అందరూ మంచివాళ్ళే గనుక పని జరగలేదు.

8. ఇక నా సంగతి. ఫిబ్రవరి మొదటి వారం నుంచి నేటి వరకు నీలకంఠానికి నేను ఈ ముక్క చెప్పలేదు. అతని కాగితం తిరిగి ఇవ్వలేదు, ఇంకా నానలేదని చెప్పాను. వారానికి రెండుసార్లు బస్టాండులో కనబడతాడు. "బావా, నానేటి బాగా రాయలేకపోనాను?" అని ఒకసారి అడిగాడు. పోటీ గట్టిగా ఉందన్నాను. ఈ పాపానికి నిబంధనల్లో శిక్ష రాసుకోలేదు. నిబంధనలు రాసింది నేనే కదా.

కావున తమరు దయతో విచారించి –

(అ) గుర్తింపు కార్డు జాబితాలో కొండలరావు పేరుకు బదులు నీలకంఠం పేరు 31వ తేదీలోగా చేర్చవలసినదిగాను,

(ఆ) చలమయ్య మాస్టారిని ఒక్కసారి పిలిచి అడగవలసినదిగాను (అడిగితే చెబుతానన్నారు),

(ఇ) కార్యదర్శి పదవి నుంచి నన్ను తొలగించమని సంఘానికి సలహా ఇవ్వవలసినదిగాను ప్రార్థన. షీల్డు కొండలరావు దగ్గరే ఉండనిచ్చినా అభ్యంతరం లేదు. దాని ఓడ ఎలాగూ ఒరిగే ఉంది.

నానబెట్టి తీసిన ఏడో నెంబరు నల్లచీటీ, నీలకంఠం ఎంట్రీ కాగితం ఇందుతో జతపరచడమైనది. తమ ఫైలులో బొద్దింకలుంటే జాగ్రత్త చేయించగలరు.

జరిగినది జరిగినట్టు చిత్తగించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయుడు,
బోని అప్పలసూరి

మరొక మనవి: పై అర్జీ శుభ్రప్రతి రాయుచుండగా నీలకంఠం తన కాగితం కోసం మా ఇంటికే వచ్చాడు. ఇంకా నానలేదని చెప్పడానికి నోరు రాలేదు. అర్జీయే చేతికిచ్చి చదువుకోమన్నాను. గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కాశమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, తాగలేదు. తిరిగి రెండో అంశం దగ్గరకు పోయి వేలు పెట్టాడు.

"ఇది తప్పు బావా. మూడు పడవలు కాదు, రెండే. మూడోది నాలుగో రోజుని పూడిమడక కాడ ఒడ్డు పట్టింది. అందులో అయిదుగురూ బతికే ఉన్నారు. ఆ వరహాలు నిన్న కూడా ఐసుకొచ్చినాడు."

"పేపర్లో అలాగే ఉంది కదా."

"నాను ఆ మర్నాడే సవరణ పంపినాను. ఆల్లు ఎయ్యనేదు."

కార్డు గురించి అడిగాను. "వత్తే రానీ. ముందిది దిద్దు" అన్నాడు. నా కలం తీసుకుని మార్జినులో తనే రాసి, సంతకం పెట్టి, బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు.

కావున రెండవ అంశములో పడవలు మూడు అన్నచోట రెండు అనియు, మనుషులు పదహారు అన్నచోట పదకొండు అనియు చదువుకోవలెను.